గచ్చు మసీదా, కాంక్రీటు మసీదా?

పాత మసీదున్న పేటలో ఏదో ఒకరోజు ఈ ప్రశ్న వచ్చి తీరుతుంది: జనం పెరిగారు, గోడలు చెమ్మగిల్లాయి, పడగొట్టి పెద్దది కడదామా, ఉన్నదాన్నే బాగుచేసుకుందామా? పెనుకొండలోనైనా, హిందూపురంలోనైనా, ధర్మవరంలోనైనా ప్రశ్న ఇదే. ఇక్కడ వాదించుకుంటున్న ఇద్దరూ ఒకే జమాత్ మనుషులు. ఒకరు మసీదు కమిటీలో పెద్ద, ఇంకొకరు బడిలో చరిత్ర చెప్పే మేష్టారు. ఇద్దరికీ మసీదంటే ప్రాణం కాబట్టే వాదన ఇంత పదునెక్కింది.

కమిటీ పెద్ద: ముందు అవసరం సంగతి మాట్లాడుకుందాం బేటా. ఈ పాత మసీదులు కట్టిన కాలంలో పేటలో ఎన్ని గడపలుండేవి? లోపల నాలుగు సఫ్‌లు అంటే నాలుగు వరుసలు, బయట వరండాలో రెండు, అంతే. ఇప్పుడు జుమాకు సగం మంది ఎండలో, రోడ్డుమీద చాపలేసుకుని నిలబడుతున్నారు. రంజాన్‌లో తరావీహ్ నమాజు సంగతి చెప్పనే అక్కర్లేదు. రోడ్డుమీద నమాజు చేస్తే ఈరోజుల్లో ఎన్ని మాటలు పడాలో నీకు తెలుసు. 2019లో ఎర్రమంచి దగ్గర కియా ఫ్యాక్టరీ మొదలయ్యాక పెనుకొండ చుట్టుపక్కలకు బయటి జనం వచ్చారు. హిందూపురంలో పట్టుగూళ్ల మార్కెట్టుకో, చింతపండు మార్కెట్టుకో వచ్చినవాళ్లు అజాన్ వినపడితే దగ్గర్లో ఉన్న మసీదుకే కదా వస్తారు.

ఇంకో మాట. మోకాళ్ల నొప్పులతో హౌజు గట్టున కూర్చుని వజూకు కాళ్లూ చేతులూ కడుక్కోలేని ముసలివాళ్లను చూశావా? ఆడవాళ్లకైతే చోటే లేదు. 2020లో ముస్లిం పర్సనల్ లా బోర్డే సుప్రీంకోర్టుకు చెప్పింది, ఆడవాళ్లు మసీదుకొచ్చి నమాజు చేసుకోవడానికి మతం అడ్డు చెప్పదని. అడ్డు చెప్పకపోతే సరిపోయిందా? వాళ్లు నిలబడేది ఎక్కడ? పైన ఒక అంతస్తు వేసి, వేరే మెట్లు పెడితే తప్ప ఆ చోటు రాదు. నువ్వు కాపాడాలంటున్న గోడ రెండో అంతస్తు మోస్తుందా?

మేష్టారు: మొయ్యదు చాచా. ఒప్పుకుంటున్నాను. మీరు చెప్పిన అవసరాల్లో ఒక్కదాన్నీ నేను కాదనను. ఆడవాళ్ల చోటు సంగతి మాలాంటి చదువుకున్నవాళ్లం ముందే అడగాల్సింది, మీరు అడిగారు. నా ప్రశ్న వేరే. చోటు కావాలంటే పాతది పోవాల్సిందేనా?

పోయేదేమిటో ముందు చూద్దాం. 1565లో తళ్లికోట యుద్ధం తర్వాత తిరుమలరాయలు రాజధానిని పెనుకొండకే మార్చాడు. బీజాపూరు, గోల్కొండ సైన్యాలు వచ్చి ముట్టడి వేసి వెనక్కి పోయాయి. 17వ శతాబ్దం మధ్యలో గానీ కోట బీజాపూరు చేతికి చిక్కలేదు. తర్వాత మొగలులు, మరాఠాలు, హైదర్ అలీ, టిప్పు, 1800లో కంపెనీవాళ్లు. ఇంతమంది వచ్చిపోయిన ఊరు కాబట్టే అక్కడ గగన్ మహల్, పార్శ్వనాథ బసది, పక్కపక్కనే ఉన్న రామాలయం శివాలయం, షేర్ ఖాన్ మసీదు, బాబయ్య దర్గా అన్నీ ఒక పూటలో కాలినడకన చూసి రావచ్చు. చుట్టుపక్కల ఊళ్లలో ఇంత దగ్గరదగ్గరగా ఇంత చరిత్ర ఎక్కడుంది?

బాబయ్య సంగతి మీకు నేను చెప్పాలా? మనం బాబయ్య అని పిలిచే బాబా ఫక్రుద్దీన్ తిరుచిరాపల్లి నత్తర్ వలీ శిష్యుడు. గురువు ఇచ్చిన పుల్ల ఎక్కడ చిగురిస్తే అక్కడే ఉండిపొమ్మన్నాడని, అది పెనుకొండలో చిగురించిందని జనం చెప్పుకుంటారు. సంప్రదాయం ప్రకారం ఆయన 13వ శతాబ్దం మనిషి. అంటే విజయనగరం పుట్టకముందే ఈ కొండ కింద సూఫీల మాట వినిపించిందని మనవాళ్ల నమ్మకం. దూదేకులవాళ్లకు ఆ దర్గా అంటే ప్రత్యేకమైన గురి. బెంగళూరు కరగ ఊరేగింపు ఏటా ఆగే తవక్కల్ మస్తాన్ దర్గా కూడా బాబయ్య నడిచిన సుహ్రవర్దీ సూఫీ తరీఖాదే. ఇంత పెద్ద వంశవృక్షానికి పేట మసీదు ఒక కొమ్మ. దాన్ని నరికితే చెట్టు బతకదా అంటే బతుకుతుంది. కానీ అట్లా ఎన్ని కొమ్మలు నరుకుతాం?

కమిటీ పెద్ద: కోటకు పేరుంది, దర్గాకు పేరుంది. పేట మసీదుకేముంది? చాలావాటికి శాసనం లేదు, కట్టినవాడి పేరు లేదు. ఏ సిపాయీలో, దూది ఏకేవాళ్లో, బట్టల మూటలమ్మేవాళ్లో చందాలేసుకుని కట్టుకున్నారు. వాళ్లకు కావాల్సినంత కట్టుకున్నారు. మనకు కావాల్సినంత మనం కట్టుకుంటే వాళ్ల ఆత్మ సంతోషిస్తుందే తప్ప బాధపడదు.

మదీనా సంగతి చూడు. ప్రవక్త కాలంలో ఆ మసీదు పచ్చి ఇటుకల గోడలు, ఖర్జూరపు దుంగల స్తంభాలు, ఖర్జూరాకు కప్పు. ఉమర్ పెంచాడు, ఉస్మాన్ రాయితో కట్టించాడు, వలీద్ ఖలీఫా పడగొట్టించి మళ్లీ కట్టించాడు, సౌదీ రాజులు ఎన్నింతలు పెంచారో లెక్కేలేదు. దానికంటే పవిత్రమైన గోడ మన పేటలో ఉందా? అక్కడ అడ్డురాని వారసత్వం ఇక్కడెందుకు అడ్డొస్తుంది? మసీదంటే సజ్దా చేసే నేల. గోడను పూజించే మతం కాదు మనది.

మేష్టారు: గట్టి మాట. దీనికి జవాబు నేను కాబా దగ్గర వెతుక్కుంటాను. ప్రవక్తకు కాబాను ఇబ్రాహీం వేసిన పునాదుల మీద తిరిగి కట్టించాలని ఉండింది. కానీ కొత్తగా ఇస్లాంలోకి వచ్చిన మక్కా జనం మనసు కలత పడుతుందని ఆగానని ఆయేషాతో అన్నట్టు హదీసుల్లో ఉంది. ఆ తర్వాత మక్కాను ఏలిన ఇబ్నుల్ జుబైర్ ఆ కోరిక ప్రకారం కట్టించాడు. కొన్నేళ్లకే అతన్ని ఓడించిన సేనాని హజ్జాజ్ దాన్ని మళ్లీ పాత తీరుకు మార్పించాడు. ఇంకో వందేళ్లకు అబ్బాసీ ఖలీఫా ఒకాయన మళ్లీ కడతానంటే ఇమాం మాలిక్ వద్దని బతిమాలాడు. వచ్చిన ప్రతి రాజూ ఒకసారి కూల్చి ఒకసారి కడితే ఆ ఇంటిమీద జనానికి గౌరవం పోతుందని ఆయన భయం. చూడండి చాచా, కట్టే హక్కు లేదని ఎవరూ అనలేదు. హక్కున్నా చెయ్యి ఆపుకోవడం గొప్పదని చెప్పారు.

మక్కాలో ఇంకో ముఖమూ ఉంది. కాబాకు ఎదురుగా గుట్టమీద తుర్కీవాళ్లు కట్టిన అజ్యాద్ కోట ఉండేది. 2002లో దాన్ని గుట్టతో సహా తీసేశారు. ఇప్పుడు అక్కడ గడియారపు టవరు. హాజీలకు గదులు కావాలి, నిజమే. కానీ ప్రపంచంలో ఎంతమంది ముస్లింలు ఆరోజు కడుపు రగిలి మాట్లాడారో గుర్తు చేసుకోండి.

కమిటీ పెద్ద: కాబా వేరు, పేట మసీదు వేరు. కాబా ఒక్కటే. దానికి చెప్పిన జాగ్రత్త ఊరూరి మసీదుకూ పెడితే ప్రపంచంలో ఏ జమాతూ ఒక గోడ జరపలేదు. ఇమాం మాలిక్ భయపడింది రాజులు చేసే ఆర్భాటానికి. ఇక్కడ రాజెవరు? ఆటో నడిపేవాడు, రేషం తీసేవాడు, మగ్గం నేసేవాడు చందాలిస్తున్నారు. అయితే ఒక మాటకు సరే అంటాను. జనం మనసు కలత పడకూడదన్న లెక్క పెద్దదే. మా జమాత్‌లోనే నలుగురు ముసలివాళ్లు, తమ తాత అజాన్ ఇచ్చిన చోటు పోతుందని కళ్లనీళ్లు పెట్టుకున్నారు. నేను వాళ్లకు నచ్చచెప్పగలిగాను గానీ వాళ్ల మాటకు జవాబు చెప్పలేకపోయాను.

మేష్టారు: ఇప్పుడు కొత్తగా కట్టేవి ఎట్లా ఉంటున్నాయో కూడా చూద్దాం. తెల్ల టైల్సు, ముందు నాలుగు పైపుల్లాంటి మినార్లు, పైన ఆకుపచ్చ గుమ్మటం. హిందూపురంలో ఉన్నా, కువైట్‌లో ఉన్నా తేడా తెలియదు. మనవాళ్లు గల్ఫుకు పోయి అక్కడ చూసింది ఇక్కడ కట్టుకుంటున్నారు, వాళ్ల ప్రేమను తప్పు పట్టను. కానీ ఈ నేల మసీదు ఎట్లా ఉంటుందో ఎవరికైనా గుర్తుందా?

హంపీలో ఒక మసీదుంది. రెండో దేవరాయల కొలువులో ఉన్న అహ్మద్ ఖాన్ అనే సర్దారు 1439లో కట్టించాడు. దానికి గుమ్మటం లేదు, మినారు లేదు. పక్కనున్న మండపాల్లాగే రాతి స్తంభాలమీద చదును కప్పు. శాసనం కన్నడంలో ఉంది, అందులో దాన్ని ధర్మశాల అన్నారు. రాజు హిందువు, కట్టించినవాడు ముస్లిం, చేసిన శిల్పులు ఊరి శిల్పులు, రాసిన భాష ఊరి భాష. మూడు వందల ఏళ్ల క్రితం ఈ జిల్లాలో మసీదు కట్టిన మేస్త్రీలు కూడా చాలామంది గుడి గోపురం కట్టిన చేతులవాళ్లే. దూలం కింద చెక్కిన తామరమొగ్గ, మిహ్రాబ్ గూడు చుట్టూ గచ్చులో దిద్దిన తీగ, ఇవన్నీ ఆ సహవాసానికి సాక్ష్యం. వాటిని పడగొట్టి మనమే అరబ్బు దేశం నమూనా పెట్టుకుంటే, మీరు బయటినుంచి వచ్చినవాళ్లు అనేవాడికి మనమే కాగితం రాసిచ్చినట్టు కాదా?

కమిటీ పెద్ద: ఆ మాట గుచ్చుకుంది సారూ. కానీ నువ్వు చెప్పిన హంపీ మసీదే నా పక్క కూడా సాక్ష్యం చెబుతుంది. అహ్మద్ ఖాన్ తన కాలంలో, తన ఊళ్లో ఎట్లా కడుతున్నారో అట్లా కట్టాడు. ఈ కాలంలో ఊళ్లో ఇళ్లన్నీ కాంక్రీటే, కల్యాణ మండపాలు కాంక్రీటే, గుళ్లు కూడా చాలావరకు కాంక్రీటే. మసీదొక్కటే గచ్చుతో ఉండాలా? ఇంకా, ఆ హంపీ మసీదులో ఈరోజు నమాజు ఉందా?

అదే నా అసలు భయం. వారసత్వం అన్న మాట నోట్లోంచి వచ్చిన మర్నాడు పురావస్తు శాఖ బోర్డు వస్తుంది. రక్షిత కట్టడం అంటే చుట్టూ 100 మీటర్లలో కొత్తగా ఏదీ కట్టకూడదు, ఆ తర్వాత ఇంకో 200 మీటర్లలో అనుమతి లేకుండా కట్టకూడదు. ఇరుకు పేట అది. 100 మీటర్లంటే ఎన్ని ఇళ్లు? కూతురు పెళ్లికి ఒక గది వేసుకుందామన్నవాడు ఢిల్లీ అనుమతికి తిరగాలి. హిందువుల ఇళ్లూ అందులోనే ఉంటాయి. పేటంతా మసీదును తిట్టుకుంటుంది. గండికోట జామియా మసీదు చూడు, ఎంత చక్కటి కట్టడం! పర్యాటకులు ఫోటోలు తీసుకుంటారు. సఫ్‌లు లేవు, ఇమాం లేడు. దాన్ని కాపాడారా, ఖాళీ చేశారా?

మేష్టారు: గండికోటలో కోట ఖాళీ అయింది, జనం పోయారు, జమాతే లేకుండా పోయింది. బీజాపూరు జామియా మసీదు కూడా పురావస్తు శాఖ కిందే ఉంది, అక్కడ నమాజు నడుస్తూనే ఉంది. రక్షిత కట్టడాల 1958 చట్టంలోనే ఉంది, ఆరాధన స్థలాన్ని దాని స్వభావానికి విరుద్ధంగా వాడకూడదని. అయినా మీ భయం తీసిపారేసేది కాదు. అందుకే పేట మసీదును రక్షిత కట్టడం చేయించాలని నేను అడగడం లేదు. ఏ శాఖకూ అప్పజెప్పకుండా, జమాతే తన మసీదును తాను చూసుకోవాలంటున్నాను. బోర్డు వద్దు, గునపమూ వద్దు.

ఈ చోట మేష్టారి పక్షంలో ఉన్న ఒక లోపం చెప్పుకోవాలి. వారసత్వం గురించి మాట్లాడేవాళ్లు చాలా ఊళ్లలో గునపం పడేరోజే కనిపిస్తారు. అంతకుముందు ఇరవై ఏళ్లు కప్పు కారుతున్నప్పుడు, మౌజన్ బకెట్లు పెట్టుకుంటున్నప్పుడు వాళ్లు అటువైపు రారు. కమిటీ పెద్ద కోపంలో సగం దీనిమీదే, ఆ కోపం న్యాయమైనది.

కమిటీ పెద్ద: జమాత్ చూసుకోవాలంటే డబ్బు కావాలి కదా. మసీదు కట్టడానికి జకాత్ సొమ్ము పనికిరాదని ఎక్కువమంది ఉలమా మాట. ఇనాం భూముల్లో చాలావరకు ఎప్పుడో చేతులు మారాయి. ఇమాంకు సర్కారిచ్చే పదివేలు, మౌజన్‌కిచ్చే అయిదువేలు వాళ్ల ఇల్లు గడవడానికే చాలవు. మిగిలింది చందా. చందా మనస్తత్వం నాకు తెలిసినంత నీకు తెలియదు బేటా. కొత్త మసీదు కడుతున్నామంటే కూలివాడు కూడా ఒకరోజు కూలి ఇస్తాడు, అల్లాహ్ కోసం ఇల్లు కడితే స్వర్గంలో ఇల్లు దొరుకుతుందని ప్రవక్త చెప్పాడు కాబట్టి. పాత గోడ పగులుకు సున్నం పెట్టాలి, లక్ష ఇవ్వండి అంటే ఎవడిస్తాడు? పైగా ఆ సున్నం పని తెలిసిన మేస్త్రీ ఎక్కడ దొరుకుతాడు?

మేష్టారు: గోడ దగ్గరికి వెళ్లి చూడండి చాచా. నేలనుంచి నడుమెత్తుదాకా సిమెంటు పూత ఉంటుంది. ఎప్పుడో చెమ్మ వచ్చిందని పూసింది. దానికి పైన పాత గచ్చు. ఇప్పుడు చెమ్మ ఎక్కడుంది? సరిగ్గా సిమెంటు ముగిసిన గీతకు పైన. అక్కడే ఉప్పు తెల్లగా పొంగి, వేలు పెడితే పొడిపొడిగా రాలుతుంది. నేలలోంచి ఎక్కే తడి సున్నపు గోడలోంచి ఆరిపోయేది. సిమెంటు ఆ దారి మూసేసింది, తడి పైకెక్కింది. గోడకు వయసు వచ్చి పాడు కాలేదు, మనం చేసిన మరమ్మతు వల్ల పాడయింది. గుమ్మటం మీద రావిమొక్క సంగతి కూడా అంతే. ఏటా కొమ్మ కోస్తారు, వేరు లోపల ఉండి రాయిని ఎడం చేస్తూనే ఉంటుంది.

ఇదంతా బాగుచేయడం తెలిసిన పనే. సున్నాన్ని వారాల తరబడి నీళ్లలో మాగబెట్టి, ఇసుకతో గానుగలో రుబ్బి, కరక్కాయ నీళ్లు, బెల్లం నీళ్లు కలిపి పూస్తారు. హైదరాబాదులో కుతుబ్ షాహీ సమాధుల దగ్గర 2013 నుంచి ఆగా ఖాన్ ట్రస్టువాళ్లు సిమెంటు పెచ్చులు ఒలిచి సున్నంతోనే తిరిగి చేయించారు. ఆ పనిలో చెయ్యి తిరిగిన మేస్త్రీలు తెలుగు నేలమీదే ఉన్నారు. కాంక్రీటు శాశ్వతం అనుకోవడమే పొరపాటు. లోపల ఇనుము తుప్పు పట్టి స్లాబు పెచ్చులూడటం మీ ఇంట్లోనే చూసి ఉంటారు. రెండు మూడు వందల ఏళ్లు నిలిచిన దాన్ని తీసి, యాభై అరవై ఏళ్లకే రిపేరుకొచ్చేదాన్ని పెడుతున్నాం.

కమిటీ పెద్ద: నువ్వు చెప్పే గోడ పొడి నాకూ తెలుసు, రోజూ ఊడుస్తున్నాం. కానీ ఒక్కటి ఆలోచించు. మనది వానలు తక్కువ జిల్లా, ఏడాదికి 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కలే. కానీ పడితే ఒక్కసారిగా పడుతుంది. 2021 నవంబరులో చూశాం కదా. అట్లాంటి రాత్రి, ఇషా నమాజులో జనం ఉన్నప్పుడు కప్పు కూలితే ఎవరు జవాబుదారీ? చరిత్ర మేష్టారా, కమిటీనా?

మేష్టారు: కమిటీయే. అందులో రెండో మాట లేదు. ఆ నవంబరులోనే కదిరిలో కూలింది మాత్రం పాత గచ్చు కట్టడం కాదు, కడుతూ ఉన్న మూడంతస్తుల భవనం. పక్క ఇంటిమీద పడి ప్రాణాలు తీసింది. ప్రమాదం పాతదానిలోనే ఉంటుందని అనుకోకూడదనే చెబుతున్నాను. ఇంజనీరు వచ్చి కట్టడం నిలవదని రాసిస్తే నేను ఒక్క మాట మాట్లాడను. మీ కమిటీ ఇంజనీరుతో రాయించిందా? కాంట్రాక్టరు చెప్పిన మాట కాదు నేను అడిగేది.

కమిటీ పెద్ద: రాయించలేదు. కాంట్రాక్టరే చెప్పాడు.

మేష్టారు: ఇంకోటి కాగితాల సంగతి. 2025లో వక్ఫ్ చట్టం మారింది. జూన్‌లో ఉమీద్ పోర్టల్ పెట్టి ఆస్తులన్నీ ఎక్కించమన్నారు. దస్తావేజు లేకపోయినా తరతరాలుగా నమాజు జరుగుతోంది కాబట్టి ఇది వక్ఫ్ అనే వాదనకు ఇకముందు మునుపటి బలం ఉండదు. పేట మసీదుల్లో సగం అట్లాంటివే. అలాంటప్పుడు మన దగ్గరున్న గట్టి సాక్ష్యం ఏది? 1860లనాటి ఇనాం ఫెయిర్ రిజిస్టరులో ఒక పద్దు, 1954 వక్ఫ్ చట్టం కింద సర్వే చేసి గెజిట్‌లో వేసిన ఒక వరుస, వీటితోపాటు కళ్లెదుట నిలబడి ఉన్న ఆ పాత కట్టడం. ఎన్నేళ్ల నుంచి ఇక్కడ మసీదుందో ఆ గోడే చెబుతుంది. మన చేతులతో మనమే సాక్షిని తీసేసి, ఆ తర్వాత కోర్టులో సాక్ష్యం కోసం వెతుక్కుంటామా?

కమిటీ పెద్ద: ఈ కోణం మా మీటింగులో ఎవరూ లేవనెత్తలేదు. నిజం చెబుతున్నాను. కానీ దీనికి ఇంకో వైపు కూడా ఉంది, అది పైకి అనడానికి మనసొప్పదు. పాత మసీదంటే ఈరోజు దేశంలో ఏం జరుగుతోందో చూస్తున్నావు. ఒక రాయి మీద ఒక పువ్వు కనిపిస్తే కింద గుడి ఉందంటారు, సర్వే కావాలంటారు. పెనుకొండ దర్గా గురించి కూడా రకరకాల కథలు చెబుతారు. ప్రార్థనా స్థలాల 1991 చట్టం ఉంది, 2024 డిసెంబరులో కొత్త కేసులు తీసుకోవద్దని సుప్రీంకోర్టు చెప్పింది, అన్నీ నిజమే. అయినా మా పెద్దల భయం ఏమిటంటే, పాతదనం ఎంత చాటుకుంటే అంత తగువు. కొత్త కట్టడానికి ఈ పీడ లేదు.

మేష్టారు: భయపడి చరిత్ర దాచుకున్నవాడికి తగువు తప్పుతుందా చాచా? పునాది తవ్వితేనే కదా రాళ్లు బయటపడేది. మీరన్న తగువు నిలబడి ఉన్న మసీదు కంటే తవ్విన గుంతలోనే ముందు మొదలవుతుంది.

ఇద్దరూ కాసేపు దీనిమీదే తర్జనభర్జన పడ్డారు. తేలలేదు. ఇది ఆ పేటలో తేలే ప్రశ్న కూడా కాదు. మూడు నాలుగు వందల ఏళ్ల నాటి రాళ్లను ఈనాటి పగలకు సాక్షులుగా పిలవడం మానుకున్నప్పుడే ఒక జమాత్ తన మసీదు వయసు నిర్భయంగా చెప్పుకోగలదు.

మేష్టారు: కట్టడం పక్కన పెట్టండి. మసీదు చుట్టూ ఉన్నదాని సంగతి చెప్పండి. వాకిట్లో ఎవరో ఫకీరు సమాధి, పక్కన పీర్ల చావిడి, వేపచెట్టు కింద అరుగు. మగ్రిబ్ వేళ ఆ అరుగు దగ్గర ఎవరు నిలబడతారు? పసిబిడ్డకు జ్వరమొచ్చిందనో, దిష్టి తగిలిందనో ఎత్తుకొచ్చిన తల్లులు. అందులో సగం మంది హిందువులు. నమాజు ముగించుకుని బయటికొచ్చేవాళ్లు ఒక్కొక్కరూ ఏదో చదివి బిడ్డ నెత్తిన ఊది పోతారు. గూగూడు కుళ్లాయిస్వామి పీర్ల పండుగకు లక్షల జనం ఎందుకొస్తున్నారో తెలిసిన ప్రాంతం మనది. ఉగాదికి దేవుని కడప గుడికి ముస్లింలు వెళ్లే సీమ మనది. కొత్త ప్లానులో ఆ అరుగు ఎక్కడుంది? నేను చూశాను, అక్కడ సెల్లారు ర్యాంపు గీశారు. చావిడి స్థలంలో షాపుల కాంప్లెక్సు.

కమిటీ పెద్ద: షాపుల అద్దె లేకపోతే మసీదు నడవదు. ఇక పీర్ల సంగతి. మా కుర్రాళ్లు చదువుకున్నారు, మతబోధ చేసే జమాత్‌లతో తిరుగుతున్నారు. సమాధుల దగ్గర మొక్కడం, పీర్లెత్తడం దీన్‌లో లేదని వాళ్లు అంటే నేను అబద్ధం అనలేను. మా నాన్న పీరెత్తాడు, నేను ఎత్తలేదు, నా మనవడు చావిడి వైపు చూడడు. ఇది వాళ్లు ఖురాన్ చదివి తెలుసుకున్న నమ్మకం. నీకది వారసత్వం, వాళ్లకది బిద్అత్, దీన్‌లో లేని కొత్త పోకడ. వాళ్లు పండితులను కాదని నీ మాట వినాలా?

బిడ్డలకు ఊదించుకునే తల్లులను మాత్రం ఎవరూ వెళ్లగొట్టరు. ఆ మాట నేనిస్తాను. అరుగు లేకపోతే గేటు దగ్గర నిలబడతారు.

మేష్టారు: గేటు దగ్గర వాచ్‌మన్ ఉంటాడు చాచా. ఏం పని అని అడుగుతాడు. అరుగు మీద ఎవరూ ఎవరినీ అడగలేదు.

అఖీదా, అంటే నమ్మకం విషయంలో కుర్రాళ్లతో నేను వాదించను. పీర్లెత్తమని ఎవరినీ బలవంతం చేయకూడదు. కానీ ఒక ఆచారం మానుకోవడం వేరు, అది జరిగిన చోటును ఊడ్చేయడం వేరు. ఎత్తడం మానేసిన చావిడిని మదరసాకో, గ్రంథాలయానికో వాడుకోవచ్చు. పేటలోని పాత దూదేకుల కుటుంబాలకు అదొక్కటే ఈ ఊళ్లో తమదనుకున్న చోటు.

కమిటీ పెద్ద: సరే, నువ్వు నా కుర్చీలో కూర్చో. ఏం చేస్తావు? కాపాడాలి అని అనడం తేలిక.

మేష్టారు: కేరళలో కొడుంగల్లూరు చేరమాన్ మసీదు ఉంది కదా. 1974 నుంచి మొదలుపెట్టి మూడు విడతలుగా పెంచుకుంటూ పోయారు. పాత మసీదు కాంక్రీటు ముఖం వెనక మాయమైపోయింది. తర్వాత ఆ జమాతే పూనుకుని, సర్కారువారి ముజిరిస్ ప్రాజెక్టు సాయంతో, ఆ కట్టినవి తీయించి పాత రూపం బయటికి తెచ్చింది. నమాజుకు చోటు కోసం నేల కింద హాలు కట్టుకుంది. ఆఫ్రికాలో మాలీ దేశంలో జెన్నే ఊరి మసీదు ఉత్త మట్టిది. ఏటా ఒకరోజు ఊరంతా కలిసి దానికి మట్టి పూస్తుంది. అదే వాళ్లకు పండుగ. చందా మనస్తత్వం అన్నారే, మరమ్మతును కూడా అట్లా పండుగ చేయవచ్చు.

కమిటీ పెద్ద: చేరమాన్ మసీదుకు సర్కారు సొమ్ము, పర్యాటకుల సొమ్ము ఉంది. మన పేటకు పర్యాటకుడెవడు వస్తాడు? జెన్నేలో కూడా, ఇళ్లు మార్చుకోనివ్వడం లేదని, మట్టి నేలమీదే ఎన్నాళ్లుండాలని అక్కడివాళ్లు గొడవ పెట్టుకున్నట్టు నేనూ విన్నాను. ఎక్కడో దూరాన ఉన్నవాళ్లకు మన పేదరికం అందంగా కనిపిస్తుంది.

మేష్టారు: నిజమే, ఆ గొడవ ఉంది. అందుకే నేను అడిగేది అంత పెద్దది కాదు. పాత నమాజు గది, మిహ్రాబ్, వాకిట్లో అరుగు, పక్కన చావిడి, ఇవి ఉంచండి. వెనక ఉన్న ఖాళీలో కొత్త హాలు రెండంతస్తులు వేయండి. కింద మగవాళ్లు, పైన ఆడవాళ్లు, కుర్చీ ఎత్తులో వజూ కుళాయిలు. జుమాకు కొత్త హాలు, మామూలు రోజుల్లో అయిదు పూటలకూ పాత గది చాలు.

కమిటీ పెద్ద: షాపులు పోతే నెలనెలా ఖర్చు ఎవరిస్తారు? నీ ప్లానుకు నా దగ్గర ఉన్న చందా ఎక్కువా తక్కువా అన్నది లెక్క వేసి చూడాలి. కిబ్లా దిక్కు తప్పకుండా వెనక హాలు పడుతుందో లేదో కొలవాలి. విను బేటా. పడగొట్టాలన్న తీర్మానం నేను వెనక్కి తీసుకోను, అది జమాత్ చేసింది. కానీ ఇంజనీరు కాగితం లేకుండా గునపం పడనివ్వను. నువ్వు నీ ప్లాను ఖర్చుతో సహా రాసుకుని రా. ఒక్కటే షరతు. రంజాన్ వచ్చేలోపు ఆడవాళ్లకు చోటు చూపించాలి. నువ్వు చూపించలేకపోతే నేను కట్టి చూపిస్తాను.

మేష్టారు: ఒప్పుకున్నాను. కానీ షాపుల సంగతి జమాత్‌లో మళ్లీ లేవనెత్తుతాను.

కమిటీ పెద్ద: లేవనెత్తు. నేనూ జవాబు చెబుతాను.

ఈ వాదన ఎటు తేలినా, అంతకంటే ముందు కావాల్సినవి కాగితాలు. పెనుకొండ, హిందూపురం, ధర్మవరం పాత పేటల్లో ఎవరింటి పెట్టెలోనైనా మసీదు ఇనాం పట్టాలు, పాత రసీదులు, ఉరుసు కరపత్రాలు, వాకిట్లో తీయించుకున్న పెళ్లి ఫోటోలు ఉంటే దయచేసి వాటి నకళ్లు మీ మసీదు కమిటీకి ఒకటి, దగ్గర్లోని గ్రంథాలయానికి ఒకటి ఇవ్వండి.